మాంటెరీ బే అక్వేరియంలో ఒక రోజు: పిల్లలు, పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఎలా చేయాలి

బే ఏరియాలో ఉండే తెలుగు కుటుంబాలు వేసవి రాగానే అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, మాంటెరీ అక్వేరియం చూపిస్తే బాగుంటుందా? ఎన్నింటికి బయల్దేరాలి? మూడు గంటలు చాలా, రోజంతా పడుతుందా? అంత ఖరీదు పెట్టి వెళ్తే చేపలు తప్ప ఏముంటాయి?

రోజంతా పెట్టుకోండి. మూడు గంటల్లో తిరిగి వచ్చేయొచ్చు గానీ, అప్పుడు చూసేది ముందున్నవాళ్ళ వీపులే. ఇక్కడ అన్నీ చూడాలని పరుగెత్తడం కంటే, ఐదారు చోట్ల ఆగి ఒక్కో చోట కనీసం పావుగంట నిలబడడం మేలు. కింద చెప్పినదంతా ఆ లెక్క మీద వేసిన ప్లానే.

కావలసినవి

- తేదీ వేసిన టికెట్లు, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని. 4 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు టికెట్ లేదు. పెద్ద వయసువాళ్ళకు, విద్యార్థులకు కొంత తగ్గింపు ఉంటుంది. వయసు చూపే గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. అమ్మానాన్నలైతే పాస్‌పోర్టు ఫోటో కాపీ.
- అందరికీ ఒక్కో జాకెట్. జూలైలో కూడా. శాన్ హోసేలో 32 డిగ్రీలున్న రోజు మాంటెరీలో పొగమంచు పట్టి 17 ఉండడం మామూలే. పెద్దవాళ్ళకు చెవులు కప్పే మఫ్లరో స్కార్ఫో తప్పనిసరి.
- చిన్నపిల్లలకు ఒక జత బట్టలు అదనంగా. టచ్ పూల్ (సముద్రపు ప్రాణులను చేత్తో తాకి చూసే తొట్టి) దగ్గర చొక్కా చేతులు తడవకుండా బయటపడే పిల్లలు అరుదు.
- మెత్తటి అడుగున్న బూట్లు. లోపల అంతా గట్టి నేల. చెప్పులతో నాలుగు గంటలు నిలబడితే మోకాళ్ళు పట్టేస్తాయి.
- మంచినీళ్ళ సీసా, భోజనం. దీని గురించి 8వ మెట్టులో.
- ఫోన్ అద్దం తుడవడానికి మెత్తటి గుడ్డ.

స్ట్రోలర్ తీసుకెళ్ళొచ్చు. కానీ వారాంతంలో జెల్లీ ఫిష్ గదుల్లాంటి ఇరుకు చోట్ల అది మీకూ ఇబ్బంది, పక్కవాళ్ళకూ ఇబ్బంది. ఏడాదిలోపు బిడ్డైతే ఒంటికి కట్టుకునే క్యారియర్ మంచిది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ కోసం లోపల వీల్‌చెయిర్ అడిగి తీసుకోవచ్చు, ముందు వచ్చినవాళ్ళకు ముందు. "నాకెందుకురా, నడుస్తా" అని నాన్నగారు అన్నా ఒకటి తీసి ఉంచండి. రెండో గంటకు ఎవరో ఒకరు కూర్చుంటారు.

1. రోజు ఎంచుకోండి

మంగళ, బుధ, గురువారాలు బాగుంటాయి. బళ్ళు నడిచే రోజుల్లో ఉదయం స్కూలు బస్సుల గుంపులు వస్తాయి, మధ్యాహ్నం రెండు దాటాక పలచబడతాయి. వేసవిలో, థాంక్స్‌గివింగ్ వారంలో, లాంగ్ వీకెండ్లలో ఏ గంటైనా రద్దీనే; ఆ రోజుల్లో తలుపు తెరిచే వేళకు అక్కడ ఉండడమే దారి. సాధారణంగా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది. డిసెంబరు 25న మూసేస్తారు.

టికెట్లు అక్వేరియం సొంత సైటులోనే కొనండి. పెద్దవాళ్ళ టికెట్ 60 డాలర్ల పైనే ఉంటుంది కాబట్టి ముందు ఈ లెక్క చూడండి: ఏడాదిలో రెండోసారి వెళ్ళే అవకాశం ఉంటే (వచ్చే నెల అత్తమామలు వస్తున్నారనుకోండి) మెంబర్‌షిప్ ధర పక్కన పెట్టి పోల్చుకోండి. చాలా కుటుంబాలు రెండుసార్లు టికెట్లు కొన్నాకే ఈ సంగతి గమనిస్తాయి.

వెళ్ళే ముందు వారం సైటులోని లైవ్ కెమెరాలు ఇంట్లో పిల్లలకు చూపించండి. సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు), జెల్లీ ఫిష్, కెల్ప్ ఫారెస్ట్ (సముద్రపు నాచు పెరిగే పెద్ద తొట్టి), పెంగ్విన్లు ఉచితంగా కనిపిస్తాయి. ఏది నచ్చిందో పిల్లలే చెప్తారు, అక్కడ ఎక్కువసేపు ఉండొచ్చు. అమెరికా రాలేని తాతయ్య, అమ్మమ్మలకు కూడా ఇది పనికొస్తుంది: కాలిఫోర్నియాలో ఉదయం 8 అయ్యేసరికి ఇండియాలో రాత్రి 8:30 (చలికాలంలో 9:30), భోజనాలయ్యాక చూసుకోవచ్చు.

2. దారి

శాన్ హోసే నుంచి సుమారు 70 మైళ్ళు. ఖాళీ రోడ్డు మీద గంటంబావు. శనివారం ఉదయం రెండు గంటలు వేసుకోండి. 101 మీద దక్షిణంగా వెళ్ళి, గిల్‌రాయ్ దాటాక ప్రూన్‌డేల్ దగ్గర 156 పట్టుకుని, కాస్ట్రోవిల్ దగ్గర హైవే 1 ఎక్కి మాంటెరీకి. 156 మీద ఆ చివరి ముక్క సన్నటి రోడ్డు, ట్రాఫిక్ ఆగేది అక్కడే. 7:45కి ఇంట్లోంచి కదిలితే 9:30కి పార్కింగ్‌లో ఉంటారు. తొమ్మిదికి బయల్దేరితే 11 దాటుతుంది, అప్పటికి గరాజ్ నిండిపోతుంది.

మ్యాపు ఒక్కోసారి హైవే 17 మీదుగా శాంటా క్రూజ్ దారి చూపిస్తుంది. కొండ మలుపులు. వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్ళకు, పిల్లలకు కడుపులో తిప్పుతుంది. పది నిమిషాలు ఆదా అని చూపించినా 101 మీదే ఉండండి.

3. పార్కింగ్

అక్వేరియానికి సందర్శకుల కోసం సొంత పార్కింగ్ లేదు. దగ్గర్లో పెద్దది ఫోమ్ స్ట్రీట్, వేవ్ స్ట్రీట్‌ల మధ్య ఉన్న నగర గరాజ్. రోడ్డు పక్క మీటర్లకు కాలపరిమితి ఉంటుంది. బోర్డు చదవకుండా పెట్టి లోపలికి వెళ్తే సాయంత్రానికి వైపర్ కింద జరిమానా చీటీ ఉంటుంది.

గరాజ్ నిండితే అక్వేరియం ఉన్న క్యానరీ రో వీధి చుట్టూ చక్కర్లు కొట్టకండి. ముందు పెద్దవాళ్ళను, పిల్లలను ద్వారం దగ్గర దింపి, మీరు మాంటెరీ డౌన్‌టౌన్ గరాజ్‌లో పెట్టి రండి. ఫిషర్‌మన్స్ వార్ఫ్ నుంచి సముద్రం పక్కనే నడక దారి ఉంది, మైలుకు కాస్త ఎక్కువ. వేసవిలో అటు నుంచి ఇటు ఉచిత ట్రాలీ బస్సు కూడా తిరుగుతుంది.

కారులో ల్యాప్‌టాప్, పాస్‌పోర్టులు, బ్యాగులు కనపడేలా వదలకండి.

4. లోపలికి వెళ్ళగానే ముందు టైమ్‌టేబుల్

ఏ జంతువునూ చూడకముందే ఆ రోజు ఆహారం పెట్టే సమయాలు, డైవర్ కార్యక్రమాలు బోర్డు మీదో ఫోన్‌లోనో చూసి రాసుకోండి. సీ ఆటర్లకు సాధారణంగా మధ్యాహ్నానికి ముందొకసారి, తర్వాత ఒకటి రెండు సార్లు జనం ముందు తినిపిస్తారు. కెల్ప్ ఫారెస్ట్‌లో డైవర్ దిగి చేపలకు తినిపిస్తారు. వేళలు మారుతుంటాయి కాబట్టి పోయినసారివి గుర్తు పెట్టుకుని వెళ్ళకండి. ఆ రెండు సమయాలను మేకులుగా కొట్టుకుని మిగతా రోజంతా వాటి మధ్య అమర్చుకోండి.

5. మొదటి గంట: ఓపెన్ సీ

లోపలికి రాగానే దగ్గర్లో ఆటర్లు కనిపిస్తాయి. ప్రతివాళ్ళూ అక్కడే ఆగిపోతారు. మీరు ఆగకండి. నేరుగా రెండో అంతస్తులో, భవనం అవతలి వైపున్న ఓపెన్ సీకి వెళ్ళండి. పది గంటలకు అక్కడ నేల మీద కూర్చుని చూసేంత చోటు ఉంటుంది, పన్నెండుకు ఉండదు.

ఆ ఒక్క తొట్టిలో సుమారు 12 లక్షల గ్యాలన్లు, అంటే 45 లక్షల లీటర్ల నీళ్ళు. సొరచేపలు, సముద్ర తాబేళ్ళు, ట్యూనాలు, వేల సార్డీన్లు (మన తీరంలో దొరికే కవళ్ళ లాంటివే) ఒకే నీళ్ళలో తిరుగుతుంటాయి. పిల్లలు "సొర ఏదీ?" అని వెతుకుతారు. వాళ్ళను సార్డీన్ల గుంపు వైపు చూడమనండి. పెద్ద చేప దగ్గరికి రాగానే గుంపు రెండుగా చీలి, దాని వెనక మళ్ళీ కలుస్తుంది. అది ఒక్కసారి చూస్తే, తర్వాత సొర ఎటు నుంచి వస్తోందో గుంపు కదలికను బట్టి ముందే చెప్పగలుగుతారు.

పక్కనే జెల్లీ ఫిష్‌లు. వాటి తొట్టెలకు మూలలు ఉండవని గమనించండి. నీళ్ళు గుండ్రంగా మెల్లగా తిరుగుతుంటాయి. జెల్లీ ఫిష్ ప్రవాహానికి ఎదురీదలేదు, మూల ఉంటే అక్కడ చిక్కుకుని చిరిగిపోతుంది. ఈ విభాగం మొత్తానికి గంట.

6. కెల్ప్ ఫారెస్ట్

ఈ అక్వేరియానికి అసలు పేరు తెచ్చింది ఇదే. 1984 అక్టోబరులో అక్వేరియం తెరిచిన నాటి నుంచి ఉంది. పూర్వం సార్డీన్లను డబ్బాల్లో నింపిన హోవ్‌డెన్ క్యానరీ స్థలంలో, డేవిడ్, లూసిల్ ప్యాకర్డ్ దంపతుల డబ్బుతో దీన్ని కట్టారు. తొట్టి ఎత్తు 28 అడుగులు. పైకప్పు లేదు, కెల్ప్ అనే ఆ సముద్రపు నాచుకు నేరుగా ఎండ తగలాలి. నీళ్ళు కదలకపోతే కూడా అది బతకదు, అందుకే పైన ఒక యంత్రం అలలా నీటిని ఊపుతూ ఉంటుంది. ఆకులు ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగడం అందువల్లే.

నీళ్ళు ఎదురుగా ఉన్న సముద్రంలోంచే వస్తాయి. పగలు వడగట్టి పంపుతారు, మనకు స్పష్టంగా కనపడాలి కదా. రాత్రి వడగట్టకుండా వదులుతారు. ఆ నీళ్ళతో వచ్చే సూక్ష్మజీవులే గోడలను అంటుకున్న ప్రాణులకు తిండి. వాటిలో కొన్ని పిల్లదశలో ఇలా నీళ్ళతో వచ్చి స్థిరపడినవే.

ఎప్పుడు చూడాలి: ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, 11 నుంచి 1 మధ్య. పొగమంచు రోజైతే మంచు విడిచాక మళ్ళీ ఒకసారి రండి, అదే తొట్టి పూర్తిగా వేరుగా కనిపిస్తుంది. డైవర్ కార్యక్రమానికి ఇరవై నిమిషాల ముందే వచ్చి కూర్చోండి. మాస్కులోని మైకుతో డైవర్ లోపలి నుంచే మాట్లాడతారు. ఇంగ్లీషు వేగంగా ఉంటుంది, పక్కన కూర్చుని పెద్దవాళ్ళకు రెండు ముక్కలు చెప్పండి.

సరిగ్గా చూశారా లేదా తెలుసుకోవడానికి ఒక పరీక్ష: ఒళ్ళంతా నల్లటి మచ్చలున్న లెపర్డ్ షార్క్, మధ్యలో ఎర్రటి పట్టీ ఉన్న షీప్‌హెడ్, రాళ్ళ మీద కదలకుండా కూర్చున్న రాక్‌ఫిష్, ఈ మూడూ దొరికాయా? దొరక్కపోతే మీరింకా తొట్టిని చూడలేదు, తొట్టి ముందు నిలబడ్డారంతే. ఇంకో ఐదు నిమిషాలు.

7. సీ ఆటర్లు

సీ ఆటర్ అంటే సముద్రంలో ఉండే నీటికుక్క. తిమింగలాలకు, సీళ్ళకు ఉన్నట్టు దీనికి చర్మం కింద కొవ్వు పొర లేదు. చలిని ఆపేది బొచ్చొక్కటే. ఒంటి మీద దట్టంగా ఉన్న చోట చదరపు అంగుళానికి పది లక్షల దాకా వెంట్రుకలుంటాయి. వాటి మధ్య గాలి పట్టి ఉంటేనే ఒళ్ళు పొడిగా ఉంటుంది. అందుకే అది రోజంతా ముఖం రుద్దుకుంటూ, పొర్లుతూ కనిపిస్తుంది. పిల్లలు ఆట అనుకుంటారు. ఆ పని మానేస్తే చలికి చచ్చిపోతుంది. ఒంట్లో వేడి నిలవడానికి రోజుకు తన బరువులో పాతిక శాతం దాకా తింటుంది.

ఇక్కడున్నవి పిల్లలప్పుడే తల్లి నుంచి తప్పిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి, తిరిగి సముద్రంలో బతకలేవని తేలినవి. 2001లో టూలా అనే ఆడ ఆటర్‌తో ఇక్కడ ఒక పద్ధతి మొదలైంది: అనాథ పిల్లను పెంపుడు తల్లికి అప్పగిస్తే, నత్తగుల్ల పగలగొట్టడం, బొచ్చు దువ్వుకోవడం తల్లే నేర్పుతుంది, పిల్ల మనుషులకు అలవాటు పడకుండా సముద్రానికి తిరిగి వెళ్తుంది. బొచ్చు కోసం వేటాడి కాలిఫోర్నియాలో ఈ జాతిని దాదాపు తుడిచేశారు. 1938లో బిగ్ సర్ తీరాన ఓ చిన్న గుంపు కనపడింది, ఇప్పుడున్న సుమారు 3,000 వాటి సంతతే. పిల్లలకు ఈ కథ చెప్పి చూపించండి, చూసే తీరే మారుతుంది.

ఒక హెచ్చరిక. ఆహారం పెట్టే సమయంలో కింది అంతస్తు కిక్కిరిసిపోతుంది. ఈ తొట్టి రెండు అంతస్తులకూ కనిపిస్తుంది. పిల్లలు పొట్టిగా ఉంటే పై నుంచి చూడండి, తినడం జరిగేది నీటి పైభాగంలోనే. నీళ్ళలో ఈత చూడాలంటే తినిపించడం అయిపోయి జనం వెళ్ళాక కిందికి రండి.

8. భోజనం

మధ్యాహ్నం 12 నుంచి 1:30 దాకా లోపలి కెఫెలో పెద్ద లైను. 11:30కే తినండి, లేదా 2 తర్వాత. చుట్టూ క్యానరీ రోలో హోటళ్ళన్నీ ఎక్కువగా సముద్రపు వంటలవి. శాకాహారులైన పెద్దవాళ్ళకు బ్రెడ్డూ ఫ్రైసూ తప్ప మిగలవు. పులిహోరో చపాతీలో డబ్బాలో కట్టుకుని, బయట కూర్చుని తినడం అన్నిటికన్నా సుఖం. క్యానరీ రో రెండో చివర శాన్ కార్లోస్ బీచ్ దగ్గర పచ్చిక ఉంది. బయటికి వచ్చే ముందు చేతి మీద స్టాంపు వేయించుకోండి, లేకపోతే మళ్ళీ లోపలికి రావడం కష్టం.

సీగల్ పక్షులతో జాగ్రత్త. మూత తీసిన డబ్బా పక్కన పెట్టి తల తిప్పితే చాలు, చేతిలో చపాతీ కూడా లాక్కుపోతాయి. వాటికి మనం పెట్టకూడదు కూడా. పెడితే తర్వాత వచ్చే కుటుంబం మీద పడతాయి.

9. టచ్ పూల్: తాకే పద్ధతి

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే.

- ముందు చేతులు మంచినీళ్ళతో కడుక్కోండి. శానిటైజర్, సన్‌స్క్రీన్ రాసిన చేయి నీళ్ళలో పెట్టకూడదు. ఆ రసాయనాలు నీళ్ళలో కలిసి ప్రాణుల చర్మానికి హాని చేస్తాయి.
- చొక్కా చేతులు మోచేతి పైకి మడవండి. గాజులు, ఉంగరాలు తీసి బ్యాగులో వేయండి.
- రెండు వేళ్ళతో, మెల్లగా, నీళ్ళలోపలే తాకాలి. నక్షత్ర చేపను పైకి ఎత్తకూడదు. రాయికి అంటుకున్నదాన్ని లాగితే దాని కాళ్ళు తెగుతాయి.
- టేకు చేపల తొట్టి (బ్యాట్ రే) దగ్గర అరచేయి చదునుగా నీళ్ళలో పెట్టి కదలకుండా ఉండండి. అదే వచ్చి కింద నుంచి వెళ్తుంది. వీపు మీదే తాకండి. తోక, కళ్ళ వైపు వద్దు. పిల్లలు నీళ్ళలో చేయి ఆడిస్తే చేపలు అటు రావు. "రావట్లేదు" అని ఏడ్చే పిల్లల్లో ఎక్కువమంది చేసే తప్పు ఇదే.
- అయ్యాక సబ్బుతో కడుక్కున్నాకే తినండి.

10. చీకటి గదులు, ఆక్టోపస్

2022లో తెరిచిన లోతు సముద్రపు విభాగంలో వెలుతురు బాగా తక్కువ. లోపలికి వెళ్ళగానే ఏమీ కనపడదని చాలామంది రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. గోడ పక్కన నాలుగైదు నిమిషాలు నిలబడండి, కళ్ళు అలవాటు పడ్డాకే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ నెత్తుటి ఎరుపు పొట్ట ఉన్న ఒక దువ్వెన జెల్లీ ఉంటుంది. లోతు నీళ్ళలోకి ఎరుపు కాంతి చేరదు కాబట్టి ఆ ఎరుపు అక్కడ నలుపే, శత్రువులకు కనపడదు. పెద్దవాళ్ళ చేయి పట్టుకుని నడిపించండి.

జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ పగలు ఎక్కువగా మూల ముడుచుకుని పడుకుంటుంది. "తొట్టి ఖాళీ" అనుకుని వెళ్ళకండి. పై మూలలు, రాతి సందులు, అద్దానికి అంటుకున్న తెల్లటి చూషకాలు వెతకండి. రాయిలా కనిపించే ముద్ద లయగా ఉబ్బి తగ్గుతుంటే అదే, ఊపిరి తీస్తోంది. సాయంత్రం జనం పలచబడ్డాక ఇంకోసారి రండి.

11. ఫోటోలు

ఫ్లాష్ ఆపేయండి. జంతువులకు ఇబ్బంది, ఫోటోలోనూ అద్దం మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. ఫోన్‌ను అద్దానికి తగిలేంత దగ్గరగా, నిటారుగా పట్టుకోండి. పక్క నుంచి వంచి తీస్తే మందపాటి యాక్రిలిక్ వల్ల అంచులు చెదిరి రంగులు పరుచుకుంటాయి. జెల్లీ ఫిష్ మీద తెర నొక్కి పట్టుకుని వెలుతురు కిందికి జరపండి, నేపథ్యం నల్లబడి ఆకారం తేలుతుంది. గ్రూప్ ఫోటోలో ముఖాలు నల్లగా వస్తే మనుషులను తొట్టికి వీపు కాకుండా పక్కకు తిప్పి నిలబెట్టండి, ఆ నీలి వెలుగు ముఖం మీద పడుతుంది. తీసిన వెంటనే ఒకటి పెద్దది చేసి చూసుకోండి. చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి.

12. వెనక వైపు డెక్, తిరుగు దారి

సముద్రం వైపున్న డెక్ మీదికి తప్పకుండా వెళ్ళండి. టెలిస్కోపులు ఉంటాయి. రాళ్ళ మీద హార్బర్ సీళ్ళు, కెల్ప్ చుట్టుకుని తేలే అడవి ఆటర్లు కనిపిస్తాయి. చలికాలంలో వలస వెళ్ళే బూడిద తిమింగలాలు చిమ్మే నీటి ఆవిరి కూడా కనపడొచ్చు.

ఇంకా వెలుతురు, ఓపిక ఉంటే వచ్చేటప్పుడు హైవే 1 మీద ఉత్తరంగా మాస్ లాండింగ్ దాకా వెళ్ళండి. ఎల్క్‌హార్న్ స్లూ వంతెన దాటాక జెట్టీ రోడ్డు ఎడమ వైపు వస్తుంది. ఎదురు ట్రాఫిక్ తెగేదాకా ఓపిక పట్టి తిరగండి, ఆ మలుపు ప్రమాదకరం. ఒడ్డు నుంచే ఆటర్ల గుంపులు వెల్లకిలా తేలుతూ కనిపిస్తాయి, టికెట్ లేదు. కనీసం 60 అడుగుల దూరం ఉండండి. అది తల ఎత్తి మీ వైపు చూసిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం, రెండడుగులు వెనక్కి వేయండి. డిసెంబరు, జనవరుల్లో ఐదింటికే చీకటి పడుతుంది కాబట్టి ఆ నెలల్లో ఇది ఉదయం వెళ్ళేటప్పుడే పెట్టుకోండి. ఆదివారం సాయంత్రమైతే 4 నుంచి 7 మధ్య 156, 101 రెండూ నిండిపోతాయి. మాస్ లాండింగ్‌లో కాసేపు ఆగి ఏడు దాటాక కదిలితే పిల్లలు కారులో నిద్రపోతారు, రోడ్డూ ఖాళీగా ఉంటుంది.